బిగిసిన భుజము – శస్త్రచికిత్స



దండెముపై బట్ట ఆరవేయబోగా చేయి లేవదు. కొప్పు ముడువబోగా వెనుకకు పోదు. రాత్రి ఆ ప్రక్కకు ఒత్తిగిలినచో నొప్పికి నిద్ర పట్టదు. 40 నుండి 60 ఏండ్ల వారిని, అందును స్త్రీలను, మధుమేహము గలవారిని ఎక్కువగా బాధించు ఈ వ్యాధికి 1934లో ‘ఫ్రోజెన్ షోల్డర్’ అని పేరిడినవాడు అమెరికా శస్త్రవైద్యుడు కాడ్మన్.

భుజపు కీలు చుట్టును సంచివంటి పొర యొకటి కలదు. చేయి అన్ని దిక్కులకు తిరుగుటకు ఆ సంచి వదులుగా నుండవలెను. ఈ వ్యాధిలో అది వాచి, మందమెక్కి, ముడుచుకొనిపోవును. కావున రోగి తనంతట చేయి యెత్తలేకపోవుటయే గాక, వైద్యుడు పట్టి యెత్తినను అది పూర్తిగా లేవదు. స్నాయువు తెగినవారిలోనైతే రోగికి లేవని చేయి వైద్యుని సాయమున సాధారణముగా లేచును. కీలు అరుగుదల లేదని తెలిసికొనుటకు ఎక్స్‌రే తీయుదురు. రక్తములోని చక్కెరను పరీక్షించుట మరువరాదు.

మొదటనే కత్తితో పనిలేదు. నొప్పి తగ్గించు మాత్రలు, కీలులోనికి స్టిరాయిడు సూదిమందు, క్రమమైన వ్యాయామము – వీనితో పెక్కుమందికి గుణమగును. అయితే అందుకు 1 నుండి 3 ఏండ్లు పట్టవచ్చును. కొందరికి కొంత బిగువు మిగిలిపోవును. కొన్ని మాసములు శ్రద్ధగా చికిత్స పొందినను చేయి కదలనప్పుడే శస్త్రచికిత్స మాట వచ్చును.

అందు రెండు మార్గములు కలవు. మొదటిది, మత్తు ఇచ్చి చేతిని మెల్లగా త్రిప్పి బిగిసిన పొరను సడలించుట. ఇందు కోత లేదు. కాని ఎముకలు గుల్లబారినవారికి ఎముక విరుగు ప్రమాదము కలదు. రెండవది ఆర్త్రోస్కోపీ. చిన్న రంధ్రముల గుండ కెమెరా గల సన్నని గొట్టమును, పనిముట్లను పంపి, ముడుచుకొన్న పొరను కోసి వదులు చేయుదురు. పొర అడుగుభాగమునకు చేరువనే ముఖ్యమైన నరమొకటి పోవుచుండును గనుక నేర్పరియైన వైద్యుడే చేయవలెను.

ఈ రెంటిని, సూదిమందుతో కూడిన వ్యాయామమును 503 మంది రోగులలో పోల్చిన బ్రిటన్ పరిశోధన 2020లో వెలువడినది. ఏడాది గడచిన పిమ్మట చూడగా ఏ యొక్కటియు మిగిలినవానికంటె స్పష్టముగా మేలని తేలలేదు. ఆర్త్రోస్కోపీ పొందినవారిలో మరల చికిత్స కావలసినవారు తక్కువ. కాని తీవ్రమైన ఉపద్రవములు అందే ఎక్కువ. కావున తొందరపడి కోయించుకొనుటయు తగదు, కోతయనిన భయపడి ఏండ్లతరబడి బాధపడుటయు తగదు. వైద్యునితో మంచిచెడ్డలు విచారించి నిర్ణయించుకొనవలెను. తెలియనివారిచేత చేయి బలవంతముగా లాగించుకొనుట మాత్రము కూడదు.

శస్త్రచికిత్సతో పని ముగియదు. వైద్యుడు చెప్పిన వెంటనే వ్యాయామము ఆరంభింపవలెను. ముందుకు వంగి చేతిని వ్రేలాడదీసి ఊపుట, గోడపై వ్రేళ్ళను మెల్లగా పైకి ప్రాకించుట వంటివి నిత్యము చేయవలెను. నొప్పికి వెరచి చేతిని కదలింపకున్నచో కీలు మరల బిగియును. ముడి విప్పుట వైద్యుని వంతు. అది మరల పడకుండ చూచుకొనుట రోగి వంతు.