నీరు దిగే దారి
(స్నాతకోత్సవ ప్రసంగం)

కృష్ణా పశ్చిమ డెల్టాలో నేలకు వాలు బహు తక్కువ. ప్రకాశం బ్యారేజీ నుంచి వచ్చే కాలువ నీరు తెనాలి, కొలకలూరు మాగాణులను తడుపుతుంది. మిగిలిన నీరు, వాన నీరు డ్రెయిన్లలో పడి నెమ్మదిగా రేపల్లె, బాపట్ల తీరాల వైపు సాగుతాయి. వాతావరణ మార్పుతో వాన కొద్ది గంటల్లోనే కుమ్మరిస్తోంది, సముద్రమట్టం పెరుగుతోంది. నీరు దిగే దారి మాత్రం పాతదే. తుపాను వేళ సముద్రం పోటు మీదుంటే డ్రెయిను నీటిని తీసుకోదు, వెనక్కి ఎగదన్నుతుంది. అందుకే మెరక ఊరి పొలం ఎన్నాళ్లు మునిగి ఉంటుందన్నది చాలావరకు దిగువ ఊళ్ల చేతిలో ఉంటుంది. ఏ ఊరికి ఆ ఊరు చేసుకునే ఏర్పాటు చాలదు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టింది, రేపల్లె, బాపట్ల తీరాలనూ వదల్లేదు. మృతులు 10 వేల పైమాటే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ముందస్తు హెచ్చరికలు, తుపాను షెల్టర్లు, తరలింపులతో మనుషులు దక్కారు, పంట పోయింది. కోసి పరిచిన వరి పనలు నీళ్లలో నాని, వెన్నులోనే గింజ మొలకెత్తింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద వచ్చి, కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలాల లంకలు మునిగాయి. ప్రాణం కాపాడటం చాలావరకు నేర్చుకున్న ఈ ప్రాంతం బతుకుతెరువు కాపాడటం ఇంకా నేర్చుకోవాలి. పట్టా పుచ్చుకుంటున్న ఇంజినీర్ల, వ్యవసాయ పట్టభద్రుల చదువు అక్కరకు రావలసింది ఇక్కడే.

మొదటి పని డ్రెయిన్లది. గుర్రపుడెక్క, తూటికాడ అల్లుకున్న డ్రెయినులో నీరు కదలదు. పూడికతీత వేసవిలోనే ముగియాలి, జులైలో మొదలుపెడితే ఖర్చే తప్ప ఫలితం ఉండదు. పొలం బాటల కింద వేసే తూములు మరీ ఇరుకు. ఒక్క తూము చెత్తతో పూడితే పైనున్న చేలన్నీ చెరువవుతాయి. తూము వెడల్పును ఇప్పటి కుంభవృష్టిని బట్టి లెక్కకట్టాలి.

ఇంటి విషయంలో పెద్దలకు తెలివిడి ఉండేది. మెరక తోలి, ఎత్తు అరుగు కట్టేవారు. ఇప్పుడు సిమెంటు రోడ్డు మీద మళ్లీ రోడ్డు వేసిన ప్రతిసారీ పాత ఇళ్లు పల్లమైపోయి, వీధి నీరు గడప దాటుతోంది. పాత రోడ్డును తవ్వి తీసి కొత్తది వేయడం న్యాయం. కొత్త ఇంటి పునాది గతంలో వచ్చిన వరద మట్టానికి పైన ఉండాలి, కరెంటు మీటరు, ప్లగ్గులు, బోరు మూతి కూడా అంతే. రేకుల కప్పును గాలి ఎత్తుకుపోకుండా బోల్టులతో బిగించాలి. వేసవిలో తీరప్రాంతపు తేమకు చెమట ఆరదు, రాత్రి కూడా శ్లాబు సెగ తగ్గదు. శ్లాబు మీద తెల్ల సున్నం కొట్టడం పేదింటికి అందే చలువ.

పంట సంగతి ఇంత తేలిక కాదు. స్వర్ణ సబ్-1 వరి దాదాపు రెండు వారాల ముంపును తట్టుకుంటుంది. కానీ బాపట్లలోనే పుట్టిన బీపీటీ 5204కు, అంటే సాంబ మసూరికి ఉన్న గిరాకీని వదులుకోమని రైతుకు చెప్పడం సబబు కాదు. కాలువ నీరు శివారు భూములకు వేళకు చేరితే నాట్లు ముందు పడతాయి, డిసెంబరు తుపానుకు ముందే ధాన్యం ఇల్లు చేరే వీలుంటుంది. తడిసిన పనల మీద లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున ఉప్పు కలిపి పిచికారీ చేస్తే మొలక ఆగుతుంది. టార్పాలిన్ పట్టాలు పంచాయతీలోనే నిల్వ ఉండాలి, తుపాను కబురు వచ్చాక వెతికితే దొరకవు.

తీరాన మరో బెడద ఉప్పు. నదిలో మంచినీటి ప్రవాహం తగ్గినప్పుడు ఉప్పు నీరు డ్రెయిన్ల వెంట పైకి ఎగబాకుతుంది, బోరు నీళ్లు ఉప్పనవుతాయి. నిజాంపట్నం వైపు మడ అడవులు అలల తాకిడిని తగ్గిస్తాయి. అవి చచ్చినచోట మొక్క నాటితే సరిపోదు. పోటు నీరు లోపలికి వచ్చి, ఆటుతో తిరిగి వెళ్లేలా చేప ముల్లు ఆకారంలో పిల్లకాలువలు తవ్వాకే మడ మొక్క నిలదొక్కుకుంటుంది.