దిగిన ఓడే మళ్ళీ ఎక్కినాము
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

ఈ సభలో నాలుగు మాటలు చెప్పవలెనని కార్యదర్శిగారు అడిగినప్పుడు మేము వెనుకాడినాము. సాహిత్యమా, సంగీతమా, మాకు తెలిసినది ఏమున్నది? "మీరు ఇంటిల్లిపాదీ వారం రోజులు ఓడ మీద ఉండి వచ్చినారు గదా, ఆ ముచ్చటే చెప్పండి" అన్నారు వారు. ఈ గురుబరపల్లిలో మామిడితోపుల నడుమ కూర్చుని ఓడ కబుర్లు చెప్పడం విడ్డూరమే. కృష్ణగిరి ఆనకట్ట నిండితే అదే మన పిల్లలకు సముద్రం. అయినా అడిగినారు గనుక చెప్పుతాము.

ఈ హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలలో తెలుగువారు రెండు విధాలు. తరతరాలుగా ఈ మట్టినే నమ్ముకుని ఉన్నవారు ఒకరు. వారు ఎక్కడికీ కదలలేదు, రాష్ట్రాల ఎల్లలే వారి చుట్టూ కదలినవి. ఫ్యాక్టరీ పనులకూ వ్యాపారాలకూ నిన్న మొన్న మూటాముల్లె కట్టుకుని వచ్చిన మా బోటివారు ఇంకొకరు. మా పూర్వుల ఊరు భీమునిపట్నం ప్రాంతం. మా పిల్లలు మాత్రం ఇక్కడే పుట్టినారు. వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు, ఇంటిలో "అన్నం పెట్టు, నిద్ర వస్తున్నది" అనేంత తెలుగు. ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదని మీ ముఖాలే చెప్పుచున్నవి.

ఇక ఓడ మాట. 2022 జూన్ 4వ తేదీన తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ గారు చెన్నై రేవులో 'ఎంప్రెస్' అనే విహార నౌకకు జెండా ఊపి సాగనంపినారు. 1990లో ఫ్రాన్సు దేశంలో కట్టిన ఓడ అది, పదకొండు అంతస్తులు. ఆ వేసవిలో చెన్నై నుండి రెండు విధాల యాత్రలు నడిచినవి. రెండు రాత్రులు నడిసముద్రంలో తిరిగి మళ్ళీ చెన్నైకే చేరేది ఒకటి. అయిదు రాత్రులలో విశాఖపట్నం చూచి వచ్చేది రెండవది. మొదటిది ముగిసిన దినముననే రెండవది మొదలయ్యేది. ఆ నెలలోనే మేము ఈ రెండింటికీ ఒకేసారి టికెట్లు కొన్నాము. మేమిద్దరం, తమ్ముడు, మరదలు, ముగ్గురు పిల్లలు, ఎనుబదియొక్క యేండ్ల మా అమ్మ, వెరసి ఎనమండుగురం.

ఒక్కటి చాలదా, రెండెందుకని ఇంటిలో పెద్ద వాదమే జరిగినది. ఆ సొమ్ము ఇంటి పైకప్పు మరమ్మతుకు దాచినది. తమ్ముడికి షిఫ్టు సెలవు దొరకడం కష్టం. అమ్మ మాత్రం, "విశాఖ పోయేదైతే వస్తాను, లేదంటే నన్ను ఇక్కడే ఒగ్గేయండి" అన్నది. సింహాచలం అప్పన్న దర్శనం కోసమని మేము అనుకొన్నాము. ఎందుకని అడుగలేదు. ఆ వయస్సులో ఆమెకు కడలి కుదుపు పడుతుందో లేదో తెలియదు గనుక, ముందు రెండు రాత్రుల చిన్న యాత్ర చేసి చూద్దాం, పడకపోతే చెన్నైలోనే దిగిపోదాం, సొమ్ము పోతే పోయినదని తేల్చుకొన్నాము. మా రెండు యాత్రల రహస్యం ఇంతే.

మొదటి యాత్రలో మేము చేసిన తప్పులు దాచక చెప్పుతాము, మీకు పనికి వస్తవి. అమ్మ మందులు పెద్ద పెట్టెలో పెట్టినాము. రేవులో ఆ పెట్టెను మన చేతి నుండి తీసుకొంటారు. అది గదికి చేరేసరికి ప్రొద్దు గూకినది. అంతవరకు ఆమె రక్తపుపోటు మాత్ర లేదు. ఇక భోజనశాలలో వరుసగా పేర్చిన వంటకాలు చూచి పెద్దలమే పసివాళ్ళమయినాము. రాత్రి వేళ ఓడ ఊగితే ఎవరి కడుపు వారికి శత్రువయినది. అన్నింటికన్న పెద్ద తప్పు ఇంకొకటి ఉన్నది. పిల్లలు ఈతకొలనుకు, ఆడవారు నాట్య ప్రదర్శనకు, మగవారు పై అంతస్తుకు, తలా ఒక దిక్కు. చూడవలసినవి చాలా ఉన్నవి, ఉన్నది రెండే రాత్రులు, అదొక ఆత్రం. అమ్మ గదిలో గుండ్రని కిటికీ దగ్గర ఒక్కతె కూర్చున్నది. ఇంటిల్లిపాదీ కలిసి వెళ్ళినాము, కలిసి ఉన్నది మాత్రం కాఫీ వేళ ఒక్క గంట.

మూడవనాటి ఉదయం ఓడ చెన్నై గట్టు చేరినది. ప్రయాణికులందరూ తోసుకుంటూ దిగిపోయినారు. మేము మిగిలినాము. అంతటి ఓడ పెళ్ళివారు వెళ్ళిపోయిన ఇల్లు వలె అయినది. పనివారు గదులు ఊడ్చి దుప్పట్లు మార్చుచున్నారు. క్రింద గట్టు మీద లారీలలో కూరలు, పాలు వచ్చి ఓడలోకి ఎక్కుచున్నవి. మా పాత లెక్క కట్టించుకుని, పాత కార్డులు మార్చి కొత్తవి ఇచ్చినారు. గుర్తింపు పత్రాలు మళ్ళీ చూచినారు. ఓడ ఒకటే అయినా యాత్ర కొత్తది గనుక ఈ తతంగం తప్పదు. రెండింటికీ ఒకే గది కావలెనని టికెట్లు కొన్నప్పుడే అడిగి ఉంచినాము గనుక పెట్టెలు మోసే బాధ తప్పినది.

అమ్మను పై అంతస్తుకు తీసుకుపోయి నీడన కూర్చోబెట్టినాము. ఆమె క్రిందికి చూచి, "అందరూ దిగిపోనారు. మనం దిగక్కర్లేదా?" అన్నది. అక్కరలేదమ్మా, ఈ ఓడ మీదే మళ్ళీ పోతున్నాము అన్నాము. కొంతసేపు ఊరకుండి, "మా అయ్య కూడా ఇలాగే దిగిన ఓడే మళ్ళీ ఎక్కేసినాడట" అన్నది.

ఆ మాట మేము అంతకు ముందు వినలేదు. ఆమె కడుపున పుట్టి యాభై యేండ్లు దాటినవాళ్ళం, వినలేదు.

మన కోస్తావారు రంగూనును రంగం అనేవారని పెద్దలు ఎరుగుదురు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుండి వేలకు వేలు జనం రంగం వెళ్ళి బియ్యపు మిల్లులలో పని చేసినారు, రేవులో మూటలు మోసినారు, రిక్షాలు లాగినారు. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు పేరు మీద అక్కడివారు మన తెలుగువారిని కోరంగీలని పిలిచినారు. 1930 మే నెలలో రంగూను రేవులో పని కోసం తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ ఘర్షణ రేగి ఎందరో ప్రాణాలు కోల్పోయినారు. అయినా మనవారు వెళ్ళుట మానలేదు. ఇంటి దగ్గర అప్పు అటువంటిది.

అమ్మ తండ్రి అటువంటివాడే. 1941 మొదట్లో అమ్మ పుట్టినది. ఆ వేసవిలో ఆయన ఓడ దిగి విశాఖ రేవుకు వచ్చినాడట. ఊరికి పోతే అప్పులవాడు పట్టుకొంటాడు. సంపాదించినది వడ్డీకే చాలదు. కబురంపితే మా అమ్మమ్మ పసిబిడ్డను ఎత్తుకుని రేవుకు వచ్చినది. ఆయన డబ్బు చేతికిచ్చి, బిడ్డను కొంతసేపు ఎత్తుకుని, అదే ఓడ తిరిగి పోతుంటే అందులోనే ఎక్కినాడు. ఆ డిసెంబరు 23న జపాను విమానాలు రంగూను మీద బాంబులు కురిపించినవి. 1942 మార్చి 8న నగరం వారి వశమయినది. అరకాను దారిలోనూ, మణిపురం అడవుల దారిలోనూ లక్షలాది భారతీయులు కాలినడకన బయలుదేరినారు. దారిలోనే రాలిపోయినవారు వేలు. ఆయన కబురు మళ్ళీ రాలేదు.

అప్పన్న దర్శనం కాదు, అమ్మ చూడగోరినది ఆ రేవు.

రెండవ యాత్ర వేరుగా నడిచినది. ఓడలో చూడవలసినవన్నీ చూచినవే గనుక ఎవరికీ ఆత్రం లేదు. ఉదయం కాఫీ నుండి రాత్రి భోజనం దాకా పిల్లలు నాయనమ్మ చుట్టూనే ఉన్నారు. అయ్య అంటే ఎవరు, అప్పు ఎంత, ఓడలో ఎక్కడ పడుకునేవారు, ఇవే ప్రశ్నలు. ఆమె ఉత్తరాంధ్ర మాట వారికి సగం అర్థం కాలేదు. అర్థం కాని ప్రతి మాటనూ ఆపి అడిగినారు. ఇన్నేండ్లు మేము చెప్పించలేని తెలుగు ఆ సముద్రం మీద వారే అడిగి చెప్పించుకొన్నారు.

విశాఖ రేవు ముఖంలో ఒక ప్రక్క డాల్ఫిన్ నోసు కొండ, మరొక ప్రక్క గుడి, దర్గా, చర్చి ఉన్న కొండలు. 1933లో తెరచిన రేవు అది. ఓడ ఆ సన్నని దారిలో మెల్లగా లోపలికి పోవుచుండగా అమ్మ కమ్మీ పట్టుకుని నిలబడినది. ఆయన ఏ గట్టున దిగినాడో ఎవరు చెప్పగలరు? దిగినాక ఆమె వంగి నేలను తాకి కళ్ళకు అద్దుకొన్నది. పిల్లలకు ఆయన పేరు చెప్పినది. మా పెద్దమ్మాయి ఆ పేరు ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసుకొన్నది, తెలుగు అక్షరాలు రావు గనుక. నాయనమ్మ చూచి, "ఇది మా అయ్య పేరా?" అని అడిగినది. పిల్ల జవాబు చెప్పలేదు. మేమూ చెప్పలేదు. మా తలలు వంగినవి. చెన్నైకి తిరిగి వచ్చే దారిలో ఆ అయిదు అక్షరాలూ నేర్పినాము. మిగతావి ఇంటికి వచ్చినాక ఆదివారాలలో సాగుచున్నవి. ఒత్తులు ఇంకా తడబడుచున్నవి.

ఓడ యాత్ర చేయదలచిన కుటుంబాలకు మా సలహాలు నాలుగే. ముసలివారు ఉన్నప్పుడు ముందు చిన్న యాత్ర, వెంటనే పెద్దది పెట్టుకొనండి. మధ్యలో దిగే వీలు ఉంటుంది. రెండింటికీ ఒకే గది అడగండి. మందులు, పత్రాలు చేతిసంచిలోనే ఉంచండి. అక్టోబరు, నవంబరు నెలలు బంగాళాఖాతంలో తుఫానుల కాలం, అది తప్పించండి.

అయితే ఒక్క మాట. ఇదంతా వినుటకు ఓడే ఎక్కనవసరం లేదు. ఇంటి పైకప్పు మాకు ఇప్పటికీ కారుచున్నది. అందరినీ అంత ఖర్చు చేయమని మేము చెప్పము. తొందర తీరిన తరువాత మిగిలే తీరికే అసలు యాత్ర అని మాకు తెలిసినది. ఆ తీరిక మన వసారాలో కూడా దొరుకుతుంది. ఈ సభలో ఉన్న ప్రతి ఇంటిలోనూ ఎవరో ఒకరు ఓడో, రైలో, ఎద్దుబండో ఎక్కి ఊరు విడిచినవారే. విడువనివారి కథ ఇంకొక విధం. ఎందుకు, ఎప్పుడు, ఎవరిని విడిచి అని పిల్లల చేత అడిగించండి. విన్నది తెలుగు అక్షరాలలో ఒక్క పుట వ్రాయించి మన సంఘానికి ఇవ్వండి. వచ్చే ఉగాది సంచికలో మా వంటి పెద్దల ప్రసంగాలు తగ్గించి ఆ పుటలు వేయవలెనని సంపాదకులను కోరుచున్నాము.

మా అయ్య పుట ముందుగా మేమే ఇస్తాము. వ్రాసేది మా పెద్దమ్మాయి. తప్పులు ఉంటవి, దిద్దవద్దని మనవి.