పంపితే చాలదు, అక్కడ నిలబెట్టాలి

(ఎండాకాలం సెలవుల్లో మా పల్లెలో అంబేద్కర్ బొమ్మ దగ్గర జరిగిన సభలో చేసిన ఉపన్యాసం. మాట్లాడింది మాట్లాడినట్టే వేస్తున్నాం.)



ఒక రేకు పెట్టె సంగతి చెప్పి మొదలుపెడతాను. నాకు యూనివర్సిటీలో సీటొచ్చిన ఏడు మా నాయన అప్పు చేసి ఆ పెట్టె కొన్నాడు. పల్లె పల్లెంతా బస్సు దాకా వచ్చి సాగనంపింది. ఇరవై రెండో రోజున అదే పెట్టె నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చాను. మా అమ్మ వాకిలి ఊడుస్తా ఉంది. "ఏందిరా, సెలవులిచ్చారా?" అంది. అవునన్నాను. మా అమ్మకి నేను చెప్పిన మొదటి పెద్ద అబద్ధం అది.

ఆ ఇరవై రెండు రోజుల్లో నన్ను ఎవరూ కొట్టలేదు. ఫీజు కౌంటర్లో గుమాస్తా "స్కాలర్‌షిప్పోళ్లు పక్కన నిలబడండి" అన్నాడు. రెండు గంటలు నిలబడ్డాను. రూములో పక్క మంచం అబ్బాయి మొదట అడిగింది నా ర్యాంకు. రెండోది నాయన పేరు. మూడో రోజున రూము మారిపోయాడు. క్లాసులో ఇంగ్లీషు ముక్క అర్థం కాలేదు. అడిగితే నవ్వుతారని అడగలేదు. మెస్సు డిపాజిట్ ఎప్పుడు కట్టాలో తెలియలేదు. కట్టలేదని ఒకరోజు పళ్లెం ముందునుంచి లేపారు. అన్నం తిన్నావా అని అడిగిన మనిషి ఒక్కడు లేడు. చదువు రాక కాదు నేను తిరిగొచ్చింది. అక్కడ నేనున్నానని ఎవరికీ పట్టకపోవడం వల్ల వచ్చాను.

వారం తర్వాత ఒక సీనియరు బస్సు దిగి మా ఇల్లు వెతుక్కుంటా వచ్చాడు. మా ఊరోడు కాదు, చుట్టమూ కాదు. మేం మాలలం, ఆయన మాదిగ. మా ఇంట్లో సంగటి తిన్నాడు. మా అమ్మకి ఉన్న నిజం చెప్పాడు. తర్వాత నావైపు తిరిగి "పెట్టె సర్దు, రాత్రి బస్సుకి పోదాం" అన్నాడు. మెస్సు బాకీకి వార్డెను దగ్గర గడువు అడిగిపెట్టాడు. మూడు నెలలు రోజూ రాత్రి గంటసేపు పాఠం తెలుగులో చెప్పాడు. మరుసటి జూలైలో ఒక నోటుబుక్కు నా చేతికిచ్చాడు. అందులో ఏ ఏడు ఎవరొచ్చారో, ఏ ఊరో, వాళ్లకి తోడు ఎవరో రాసుంది. నా పేరు కింద గీతలన్నీ ఖాళీ.

ఆ నోటుబుక్కు ఇదిగో. పోయినేడు పక్క పల్లె నుంచి ఒక పిల్లకి సీటొచ్చింది. దసరాకి ఇంటికొచ్చి మళ్లీ పోలేదు. నాకు తెలిసింది సంక్రాంతికి. ఇందులో ఆ పిల్ల పేరు లేదు. ఆ తప్పు నాది. ఈ సభ పెట్టమని అడిగింది అందుకే.

మనం బాబాసాహెబును ఒంటరి వీరుడిలాగా చెప్పుకుంటాం. ఆయనకీ ఒక తోడు ఉంది. 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అమెరికాలో కొలంబియా యూనివర్సిటీకి పోయినప్పుడు నవల్ భథేనా అనే పార్శీ విద్యార్థి ఆయనతో గదిలో ఉన్నాడు. ఆ స్నేహం బతికినన్నాళ్లూ నిలిచింది. 1920లో ఆగిపోయిన చదువు పూర్తి చెయ్యడానికి లండన్ పోవాలంటే ఆ స్నేహితుడే అయిదు వేలు అప్పిచ్చాడు. నడుమ 1917లో ఏం జరిగింది? అంత చదువు చదివి బరోడా ఉద్యోగానికి వస్తే ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్శీ సత్రంలో తలదాచుకుంటే కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. డిగ్రీ ఆయన్ని కాపాడలేదు. అంతటి మనిషికే తోడు కావాల్సి వచ్చింది. మన పిల్లలకి అక్కర్లేదా?

నిన్నమొన్నటి సంగతి. ఉత్తరప్రదేశ్‌లో ఒక దినకూలీ కొడుక్కి ధన్‌బాద్ ఐఐటీలో సీటొచ్చింది. సాయంత్రం అయిదింటిలోపు 17,500 రూపాయలు కట్టాలి. డబ్బు చేతికందేసరికి గడువు అంచుకొచ్చింది. కట్టేలోపు కంప్యూటర్లో ద్వారం మూసుకుపోయింది. ఆ కుర్రాడు సుప్రీంకోర్టు దాకా పోతే, 2024 సెప్టెంబర్ 30న సీటు ఇమ్మని కోర్టు చెప్పింది. మంచి తీర్పే. కానీ ప్రతి పల్లె పిల్లా సుప్రీంకోర్టుకి పోగలదా? గడువుకి వారం ముందే "డబ్బు కుదిరిందా?" అని అడిగే మనిషి కావాలి.

కాబట్టి మన పని ఇది. చేరడానికి నెల ముందు కులం కాగితం, ఆదాయం కాగితం, టీసీ, బ్యాంకు ఖాతాకి ఆధార్ కలిసిందీ లేనిదీ చూడాలి. అన్నిటికీ నాలుగేసి జిరాక్సులు తీయించాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి వెంటనే తిరిగివ్వాలి గానీ కాలేజీ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. అది నోటికి రావాలి. చేరే రోజున ఒక సీనియరు గేటు దగ్గర నిలబడి ఉండాలి. మొదటి నలభై రోజులు రోజూ ఒక పలకరింపు. ఆ తర్వాత వారానికొకసారి. మొదటి పరీక్షల ముందు మళ్లీ రోజూ. ఒక సీనియరుకి ఇద్దరికి మించి వద్దు. ఆడపిల్లకి ఆడపిల్లే తోడు.

తోడుండే తమ్ముళ్లకి కూడా రెండు మాటలు. పెద్దరికం చెయ్యొద్దు. సాయం చేశాం గనక మా జెండా కింద నిలబడు అనొద్దు. మాలా మాదిగా లెక్క చూడొద్దు. ఎవరన్నా చచ్చిపోవాలనిపిస్తుంది అంటే ఆ మాట కడుపులో దాచుకోవద్దు. ఒంటరిగా వదలొద్దు. ఇంటివాళ్లకి, నమ్మకమైన మాస్టారికి చెప్పండి, డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. 14416కి ఫోన్ చెయ్యండి, పగలూ రాత్రీ మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. ర్యాగింగ్ అయితే 1800-180-5522.

ఇక్కడ ఒకాయన అడగొచ్చు: తోడుంటే అన్నీ తీరతాయా అని. తీరవు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ 1993 నుంచీ ఉంది. అక్కడే అయిదుగురిని హాస్టలు నుంచి గెంటేస్తే ఆరుబయట గుడారం వేసి దానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. ఆ అయిదుగురిలో ఒకడైన రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయాడు. రోహిత్‌కి స్నేహితులు లేకనా? ఉన్నారు, చలిలో పక్కనే పడుకున్నారు. స్నేహితుడు భుజం ఇవ్వగలడు. ఆగిన ఫెలోషిప్ ఇప్పించలేడు, తీసేసిన హాస్టలు గది తిరిగివ్వలేడు. అది యూనివర్సిటీ బాధ్యత. వివక్ష మీద ఫిర్యాదు తీసుకోవడానికి ప్రతి విద్యాసంస్థలో సమాన అవకాశాల సెల్, ఒక అధికారి ఉండాలని 2012లోనే యూజీసీ నిబంధన పెట్టింది. చేరిన మొదటి వారమే అది ఏ గదిలో ఉందో, ఆ అధికారి ఎవరో అడగండి. లేదంటే లేదని రాసిమ్మనండి. మన తోడు వాళ్ల బాధ్యతకి బదులు కాదు. అడిగేవాడి వెనక ఇంకో నలుగురు నిలబడితే ఆ అడగడానికి బలం వస్తుంది, అంతే.

అయ్యలారా, కోళ్లమ్మి, పుస్తెలు కుదువబెట్టి పిల్లల్ని పంపుతున్నారు. బస్సెక్కించగానే మన పని అయిపోలేదు. వారానికొకసారి ఫోన్ చేసినప్పుడు "మార్కులెన్ని?" అని మొదట అడగొద్దు. "అన్నం తిన్నావా, ఎవరితో కూర్చుని తిన్నావు?" అని అడగండి. ఆ రెండో ప్రశ్నకి జవాబు తడబడితే మాకు కబురు చెయ్యండి.

ఇప్పుడు ఈ నోటుబుక్కు తిప్పుతున్నాను. ఈ ఏడు పోయే పిల్లల పేర్లు ఒక పక్క, తోడుండే వాళ్ల పేర్లు ఇంకో పక్క రాయండి. రాయడం రానివాళ్లు చెప్పండి, పక్కనున్న పిల్లలు రాస్తారు. మొదటి గీత మీద పక్క పల్లె పిల్ల పేరు నేనే రాశాను. రేపు పొద్దున యూనివర్సిటీలో చదువుతున్న ఒక చెల్లెలూ నేనూ వాళ్లింటికి పోతున్నాం. వాళ్లు పెడితే సంగటి తింటాం. ఆ పిల్ల ఒప్పుకుంటే పెట్టె సర్దుకోమంటాం.

జై భీమ్.