కీర్తికి రంగులు వేసిన చేతులు
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డి.ఏ. బకాయిల గురించి మాట్లాడతాననుకున్నారేమో! ఆ సంగతి కార్యదర్శిగారు చూసుకుంటారు. నేను బొమ్మల గురించి, అందులోనూ పేరున్నవాళ్ళ బొమ్మల గురించి నాలుగు మాటలు చెబుతాను.

1947లో మన ప్రత్తిపాడులో ఒక యువకుడు సబ్ రిజిస్ట్రారుగా చేరి, మూడు వారాలు తిరక్కుండానే వదిలేసి వెళ్ళిపోయారు. వుండివుంటే మనలాగే పెన్షను తీసుకునేవారు. ఆయనే ఎన్.టి. రామారావుగారు. 1957లో 'మాయాబజార్' వచ్చాక మనకు కృష్ణుడంటే ఆ ముఖమే. ఆ ముఖాన్ని వీధివీధికీ తెచ్చింది మాత్రం క్యాలెండర్లు, కటౌట్లు వేసిన చిత్రకారులు.

గుంటూరులో అలాంటి పెయింటరు ఒకతను నాకు తెలుసు. చిన్న ఫొటో మీద గళ్ళు గీసేవాడు. ప్లైవుడ్ మీద అవే గళ్ళు పెద్దవిగా గీసి, గడికి గడి చూసుకుంటూ ముఖం దించేవాడు. మొదటి రోజు దానికి దండలు, పాలాభిషేకాలు. సినిమా మారగానే అదే చెక్క మీద తెల్లరంగు కొట్టి ఇంకో హీరో! "కీర్తంటే ఇంతే గుమస్తాగారూ, ఒక్క కోటింగ్" అని నవ్వేవాడు.

1962లో అమెరికాలో ఆండీ వార్హోల్ అనే చిత్రకారుడు ఈ మాటే బొమ్మలో చెప్పారు. నటి మార్లిన్ మన్రో చనిపోయిన కొద్ది వారాలకే ఆమె ముఖాన్ని 50 సార్లు అచ్చు వేశారు. 25 రంగుల్లో, 25 నలుపు తెలుపుల్లో. చివరికొచ్చేసరికి ముఖం మసకబారిపోతుంది. ఎం.ఎఫ్. హుస్సేన్ గారు బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి పొట్టపోసుకున్నవారే. ఎనభై దాటాక కూడా మాధురీ దీక్షిత్ బొమ్మలు వేస్తూనే వున్నారు. మన తెనాలిలో కాటూరి వెంకటేశ్వరరావుగారు, కుమారుడు రవిచంద్ర 2021లో పాత ఇనుప సామానుతో ప్రధాని మోదీ గారి విగ్రహం 14 అడుగుల ఎత్తున చేశారు. దూరం నుంచి చూస్తే నాయకుడు. దగ్గరికెళితే నట్లు, బోల్టులు. ఒక పెద్దమనిషి తయారవడానికి ఎన్ని చిన్న ముక్కలు కావాలో చూడండి!

వీరందరి పేర్లూ లోకానికి తెలుసు. నా పెయింటరు పేరు తెలియదు. ఫ్లెక్సీలు వచ్చి అతని పని పోయింది. వృద్ధాప్య పెన్షను దరఖాస్తు పట్టుకుని నా బల్ల దగ్గరకొచ్చాడు. 'వృత్తి' అన్నచోట ఏం రాయాలని అడిగాడు. కాగితం తిరిగి రాకూడదని నేనే 'కూలి' అని రాశాను. అతనేమీ అనలేదు. కటౌటు మూల చేసినట్టే చిన్నగా, అందంగా సంతకం పెట్టాడు. పెన్షను మంజూరైంది. కానీ జీవితమంతా గళ్ళు గీసినవాడికి ఒక్క గడి సరిగా నింపలేకపోయానన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

అందుచేత ఒక మనవి. పాత సినిమా హాళ్ళ ముందు దిగిన ఫొటోలు మీ ఇళ్ళల్లో వుంటే తీసి చూడండి. వెనక కటౌటు మూల సంతకం కనబడితే ఆ పేరు కార్యదర్శిగారికి రాసివ్వండి. వచ్చే సంచికలో అచ్చు వేద్దాం. మొదటి పేరు, వాళ్ళ ఇంట్లోవాళ్ళనడిగి, నేనే రాసిస్తాను. వృత్తి దగ్గర ఈసారి 'చిత్రకారుడు' అని రాస్తాను.

సెలవు.