బండి లెక్క, విషం లెక్క

(గౌలిపురలో జరిగిన సమావేశంలో సంఘం కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



ఈ గౌలిపురలో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే అఫ్జల్‌గంజ్‌ల ఉస్మానియా ఆసుపత్రి నాలుగైదు కిలోమీటర్లకు మించి లేదు. అయినా గల్లీల బండి ఇరుక్కుంటే ఆ కాసేపే గండం. బతుకుదెరువుకు పట్నం వచ్చిన మీలో చాలామందికి ఊర్ల పొలాలున్నయి, తల్లిదండ్రులున్నరు. అక్కడ బావి కాడ పడిపోయిన మనిషి సంగతేంది?

108 సేవ 2005 ఆగస్టు 15న మన హైదరాబాద్‌లనే మొదలైంది. అంతకుముందు ఊర్ల ట్రాక్టరో, ఆటోనో దిక్కు. ఇప్పుడు బండి ఎన్ని నిమిషాలకు వచ్చిందని అడుగుతున్నం. అడగాల్సిందే. కానీ మనం లెక్క ఫోన్ చేసిన కాడి నుంచి పెడతం. విషం లెక్క కాటు పడ్డ కాడి నుంచే నడుస్తది.

మా చిన్నాయన రాత్రి కరెంటుకు మోటరు పెట్టబోతే కట్లపాము కరిచింది. నొప్పి లేదు, వాపు లేదు. చీమ కుట్టిందేమో అనుకున్నం. తర్వాత మంత్రం వేయించినం. రెప్పలు వాలి, మాట ముద్దయినంక 108కి ఫోన్ చేసినం. బండి ఇరవై నిమిషాలకే వచ్చింది. అప్పటికే మేము మూడు గంటలు పోగొట్టినం. మనిషి దక్కలేదు.

కట్లపాము విషం నరాలను పట్టి ఊపిరి ఆపుతది. ఆసుపత్రిల విరుగుడు సూది ఎంత అవసరమో, అక్కడికి చేరేదాక ఊపిరి అందించుడు అంతే అవసరం. అందుకే 108ల ఆక్సిజన్, శిక్షణ పొందిన టెక్నీషియన్ ఉంటరు. వైద్యం బండిలనే మొదలైతది. బండి వచ్చేలోపు పని మనది.

పాము కరిస్తే గట్టిగ కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, నడిపించొద్దు. కాలు చెయ్యి కదలనీయకుండ పడుకోబెట్టాలె. పురుగుమందు మీద పడితే బట్టలు విప్పి సబ్బునీళ్లతో కడగాలె. తాగితే ఉప్పునీళ్లు పోసి కక్కించొద్దు, మందు డబ్బా వెంట పంపాలె. మనిషి ఉలుకూ పలుకూ లేక ఊపిరి ఆగితే ఛాతీ నడుమ నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగ నొక్కాలె. ఒకరు టార్చిలైటు పట్టుకొని రోడ్డు మీద నిలబడి బండికి దారి చూపాలె.

సర్కారు పని సర్కారు చేయాలె. పాముకాటు చావులను 2030 నాటికి సగానికి తగ్గిస్తమని కేంద్రం 2024ల ప్రణాళిక ప్రకటించింది. అది జరగాలంటే ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంల రాత్రిపూట కూడా విరుగుడు సూది, వేసే డాక్టరు ఉండాలె. బండి ఏ మండలంల ఎన్ని నిమిషాలకు చేరుతున్నదో లెక్క బయటపెట్టాలె. ప్రతి ఊరికి ఐదుగురికన్నా ప్రథమ చికిత్స నేర్పాలె. ఈ మూడూ మన సంఘం డిమాండ్లు.

చివరగ ఒక్క మాట. రాత్రి ఊరి నుంచి మీకు ఫోన్ వస్తే, ఏమైందని అడిగేకంటే ముందు అడగండి: ‘108కి చేసిండ్రా?’