ఆదివారం ఇంటివారిది

(మచిలీపట్నంలో జరిగిన మన సంఘ సమావేశంలో, బీమా రంగంలో డెవలప్‌మెంట్ ఆఫీసరుగా పనిచేసి విరమించిన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



బీమా ఏజెంట్లు శని, ఆదివారాల్లో జనం ఇళ్లకు వెళ్లవచ్చునా, కూడదా అన్న విషయంపై నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. వినడానికి చిన్న విషయమే. కాని మనబోటి విశ్రాంత ఉద్యోగులకు చిన్నది కాదు. గ్రాట్యుటీ, ప్రావిడెంటు ఫండు చేతికొచ్చిన నెలలోనే మన గుమ్మం ముందు చెప్పుల జతలు పెరుగుతాయి. అవి ఎక్కువగా కనబడేది ఆదివారం నాడే.

బందరుకు బీమా కొత్త కాదు. డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని స్థాపించింది ఈ ఊళ్లోనే. 1956 సెప్టెంబరు 1న జీవిత బీమా సంస్థ ఏర్పడినప్పుడు దేశంలోని 245 కంపెనీలు, ప్రావిడెంటు సొసైటీలు అందులో విలీనమయ్యాయి. కంపెనీలు మారినా ఒకటి మారలేదు. ఈ వ్యాపారం ఆఫీసు బల్ల దగ్గర కంటే ఇంటి అరుగు మీదే ఎక్కువ నడిచింది.

ముందుగా ఏజెంటు పక్షాన మాట్లాడతాను. గుడివాడలో ఉంటూ రోజూ విజయవాడ వెళ్లివచ్చే ఉద్యోగి తెల్లవారి వెళితే చీకటిపడ్డాక గాని ఇల్లు చేరడు. అతనితో పాలసీ సంగతి మాట్లాడాలంటే ఆదివారం తప్ప దారి లేదు. ఇంకో మాట. పాలసీ భర్త పేరున ఉంటుంది, దానితో అవసరం పడేది భార్యకు. ఆమె లేకుండా ఆఫీసు కాంటీనులో సంతకమైన పాలసీ ఏ బీరువాలో ఉందో, ఎంత మొత్తానికో, నామినీ ఎవరో ఆమెకు తెలియకుండానే ఏళ్లు గడిచిపోతాయి. ఇంటిల్లిపాదీ కూర్చుని వినగలిగేది సెలవునాడే. కనుక ఆదివారం అసలు వెళ్లనే కూడదని నేననను.

ఇక ఇంటివారి పక్షం. మన దేశాచారం ప్రకారం గడప తొక్కినవాడు అతిథి. కుర్చీ వేస్తాం, కాఫీ ఇస్తాం. ఒకసారి కాఫీ ఇచ్చాక “వద్దండీ” అనడానికి నోరు రాదు. మొహమాటం మీద సామెత మీకందరికీ తెలుసు, సభలో చెప్పను. ఆదివారం మధ్యాహ్నం అయిన సంతకాల్లో మొహమాటపు సంతకాలెన్నో! అలాంటి పాలసీ రెండు మూడు ప్రీమియాలతో ఆగిపోతుంది. ఏజెంటుకు మొదటి ఏడాది కమీషన్ ముడుతుంది, నష్టం మాత్రం ఇంటివారిది. మార్చి 31 దగ్గరపడే కొద్దీ వచ్చే ఆదివారాల్లో ఈ ఒత్తిడి మరీ ఎక్కువ.

అసలు ఆదివారం సెలవన్నది ఆఫీసుల లెక్క. ఈ డెల్టాలో అందరిదీ ఒకే పంచాంగం కాదు. కాలువకు నీళ్లొదిలాక నాట్లు పడుతున్న రైతుకు ఏ వారమైనా ఒకటే. కుప్పనూర్పిళ్లు అయి ధాన్యం డబ్బు చేతికొస్తే గాని అతను ప్రీమియం మాట వినలేడు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో మరబోట్ల వేట నిషేధం. ఆ రెండు నెలలూ గిలకలదిండిలోనైనా నాగాయలంకలోనైనా మత్స్యకారుడికి తీరిక ఉంటుంది, చేతిలో డబ్బుండదు. ఆదివారం ఉదయం చర్చికి వెళ్లే కుటుంబాలున్నాయి, శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు వెళ్లేవారున్నారు. కనుక ఏ రోజు వెళ్లాలో తేల్చవలసింది ఏజెంటూ కాదు, మనమూ కాదు. ఆ ఇంటివారు.

నా అభిప్రాయం ఇది. ఏజెంటు ముందుగా అడగాలి. “ఎప్పుడు రమ్మంటారు?” అని సోమవారం అడిగి, ఆదివారం రమ్మంటే ఆదివారం వెళ్లడంలో తప్పు లేదు. అడగకుండా బుధవారం వెళ్లినా తప్పే. ఇంకొకటి, ఆదివారం మాటలతో సరిపెట్టాలి. కాగితాలు ఇంట్లో వదిలి రావాలి. సంతకం ఇంటివారు చదువుకున్నాక, మరో రోజున. నిజంగా మంచి పాలసీ అయితే నాలుగు రోజుల్లో చెడిపోదు.

అమ్మకానికి ఇంత చెప్పాను గాని, క్లెయిముకు ఈ నియమం వర్తించదు. 1977 నవంబరు 19, దివిసీమను ఉప్పెన ముంచిన రోజు, శనివారం. అధికారిక లెక్కల్లోనే మృతులు దాదాపు 10,000 మంది. మర్నాడు ఆదివారం. మనవాళ్లు ఆ రోజు ఏం వెతుక్కున్నారో ఈ సభలో ఉన్న దివిసీమవారికి నేను చెప్పనక్కర్లేదు. చావుకు సెలవు లేనప్పుడు చనిపోయినవారి ఇంటికి వెళ్లడానికి సెలవేమిటి? 2021 మే 10 నుంచి జీవిత బీమా సంస్థకు శనివారాలు కూడా సెలవులయ్యాయి. అయినా 2023 జూన్ 2, శుక్రవారం సాయంత్రం ఒడిశాలోని బాలాసోర్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం జరిగితే, మరునాడు శనివారమే సంస్థ సడలింపులు ప్రకటించింది. మరణ ధ్రువీకరణ పత్రానికి బదులు రైల్వే, పోలీసు, ప్రభుత్వ అధికారుల జాబితాలను అంగీకరిస్తామన్నది. పాలసీ అమ్మడానికి ఆదివారం తీరిక దొరికిన ఏజెంటుకు, క్లెయిము ఫారం నింపిపెట్టడానికీ అదే ఆదివారం తీరిక దొరకాలి. మంచి ఏజెంటుకు నాకు తెలిసిన గీటురాయి ఇదొక్కటే.

ఇప్పుడు గుమ్మం ఎక్కేవారికంటే ఫోనులో వచ్చేవారు ఎక్కువ. దానికి మార్గముంది. 1909 నంబరుకు చెప్పి వ్యాపార ప్రకటనల కాల్స్‌ను ఆపించుకోవచ్చు. ట్రాయ్ 2018 నిబంధనల్లో ఏ వేళల్లో, ఏ రోజుల్లో అలాంటి కాల్స్ వద్దో ఎంచుకునే సదుపాయం కూడా ఉంది. అంటే ఆదివారం మనదేనని నిబంధనలే ఒప్పుకున్నాయి. అయితే తలుపు తట్టేవారికి 1909 పనిచేయదు. అక్కడ మన నోరే పనిచేయాలి.

కనుక సభ్యులకు మూడు మనవులు. ఒకటి, చెప్పకుండా వచ్చినవారికి కాఫీ ఇవ్వండి, సంతకం ఇవ్వకండి. రెండు, విరమణ సొమ్ము గురించి ఇల్లాలు, పిల్లలు పక్కన లేకుండా ఎవరితోనూ ఏదీ తేల్చుకోకండి. మూడు, ఇప్పటికే మొహమాటానికి పాలసీ తీసుకుని ఉంటే, పత్రం అందిన 30 రోజుల్లోగా వెనక్కి ఇవ్వవచ్చు. 2024 నుంచి గడువు అంత ఉంది. స్టాంపు ఖర్చు, వైద్య పరీక్ష ఖర్చు, గడిచిన రోజుల రిస్కు ప్రీమియం మినహాయించుకుని మిగతాది తిరిగి ఇస్తారు. ఆ పత్రం అందిన తేదీని దానిమీదే రాసి పెట్టుకోండి.

మన పిల్లల్లో, మేనల్లుళ్లలో ఏజెంట్లయినవారు ఉన్నారు. వాళ్ల పొట్టకొట్టమని నేననడం లేదు. అడిగి వెళ్లినవాడికి మూడు తరాలు ఆ ఇంటి తలుపు తెరిచే ఉంటుందని వాళ్లకు చెప్పండి.