పురిటి గదిలో తోడు
(జిల్లా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన విషయం ప్రసవ సమయంలో తోడు. ఆహ్వాన పత్రంలో 'డౌలా' అని రాశారు. ఆ మాట చూసి ఇక్కడ సగం మంది ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు గనుక ముందు దాని సంగతి చెప్పి అసలు విషయంలోకి వస్తాను. అది గ్రీకు మాట. దాసి, పరిచారిక అని అర్థం. డానా రాఫెల్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త తల్లిపాల గురించి 1973లో రాసిన పుస్తకంలో, బాలింత పక్కనుండి ఆమెకు కావలసినవి చూసే స్త్రీకి ఆ పేరు వాడింది. తర్వాత నొప్పుల సమయంలో పక్కనుండే మనిషికి కూడా అదే పేరయింది. 1992లో అక్కడ వాళ్ళకొక సంఘం కూడా ఏర్పడింది. ఒక స్త్రీ ఇంకో స్త్రీకి చేసే సాయాన్ని దాస్యం పేరుతో పిలవడం నాకు నచ్చదు. మనకు 'తోడు' అనే మంచి మాట ఉంది. నేను అదే వాడతాను.

తోడు డాక్టరు కాదు, నర్సు కాదు, మంత్రసాని కూడా కాదు. బిడ్డను పట్టదు, లోపల చెయ్యి పెట్టి చూడదు, మందు ఇవ్వదు. నొప్పులు మొదలైనప్పటి నుంచి బిడ్డ పుట్టి, పాలు పట్టి, తల్లి కుదుటపడే దాకా లేచిపోకుండా ఉండడమే ఆమె పని. ఇంతేనా అనిపిస్తుంది. ఈ కాస్తే మన ప్రసవ గదుల్లో లేకుండా పోయింది.

1992-93లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు మూడో వంతు కాన్పులే ఆస్పత్రుల్లో జరిగేవి. 2019-21 సర్వేకు వచ్చేసరికి తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96 శాతానికి పైగా ఆస్పత్రుల్లోనే. ఒక్క తరంలో వచ్చిన మార్పు ఇది. దీనివల్ల ఎందరో తల్లులు బతికారు. కాబట్టి మళ్ళీ ఇంటి కాన్పులకు పోదామని నేను చెప్పబోతున్నానని ఎవరూ అనుకోవద్దు. మంత్రసానిని పొగిడి పాత రోజులే బాగుండేవనే మాట కూడా నేను అనను. ఆ మంత్రసాని ఎవరు? చాలా ఊళ్ళలో దళిత స్త్రీ, లేదా మంగలి, చాకలి కులాల స్త్రీ. మైల పని ఆమెకు వదిలేశారు గనుక ఆమె వచ్చేది. బొడ్డు కోసి, మాయ పూడ్చి, నెత్తుటి బట్టలు ఉతికినందుకు నాలుగు మానికెల బియ్యమో, పాత చీరో పెట్టి గడప బయటి నుంచే పంపేవాళ్ళు.

అయితే ఆ ఇంట్లో రెండు పనులు జరిగేవి. ఒకటి బిడ్డను బయటికి తీయడం. రెండోది నొప్పులు పడే మనిషిని ఒంటరిగా వదలకపోవడం. ఒకరు నడుం పట్టేవాళ్ళు, ఒకరు వేణ్ణీళ్ళు తెచ్చేవాళ్ళు, ఒకరు ఊరికే కబుర్లు చెప్పేవాళ్ళు. ఆస్పత్రి మొదటి పనిని తీసుకుంది, ఇంటికన్నా ఎన్నో రెట్లు బాగా చేస్తోంది. రెండో పనిని తలుపు బయట ఆపేసింది.

ఆ తలుపు మీ అందరికీ తెలుసు. తల్లి, అత్త, ఆశా కార్యకర్త అక్కడ ఆగిపోతారు. లోపల వరసగా టేబుళ్ళు, మధ్యన తెర ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. పంతొమ్మిదేళ్ళ పిల్ల, మొదటి కాన్పు, వెల్లకిలా పడుకుని ఉంటుంది. పక్క టేబుల్ మీద ఇంకొకామె అరుస్తుంటుంది. ఇద్దరు నర్సులు అరడజను మందిని చూడాలి. దాహమేస్తే అడిగే ధైర్యం ఉండదు. అరిస్తే ఆయా ఒక మాట అంటుంది. ఆ మాట మీకు నేను చెప్పనక్కర్లేదు, ఈ గదిలో ప్రభుత్వాస్పత్రిలో కన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. "అప్పుడు లేని నొప్పి ఇప్పుడెక్కడిది?" ఎన్ని జిల్లాలు తిరిగినా ఇదే మాట వింటున్నాను. మొగుడితో పడుకున్నందుకు శిక్ష అనుభవించాలన్న ఆలోచన ఆ మాట వెనక ఉంది. చెంప మీద, తొడ మీద కొట్టిన సంగతులు కూడా విన్నాను. అదే డబ్బున్న ఇంటి పిల్ల అయితే ఆ చెయ్యి లేవదు. కులం, వర్గం ప్రసవ గదిలోకి వచ్చేటప్పుడు చెప్పులు విడిచి రావు.

వెనిజులా దేశం 2007లో చేసిన చట్టంలో ప్రసవ సమయపు హింసను స్త్రీలపై హింసలో ఒక రకంగా చేర్చింది. మన దేశంలో ఆ పేరుతో చట్టం లేదు. చట్టం వచ్చేదాకా ఆగనవసరం లేకుండా ఇవాళే చేయగల పని ఒకటుంది. నొప్పులు పడే ఆమె పక్కన ఆమె మనిషి ఒకరు ఉండడం. చూసే కళ్ళు రెండు ఉంటే కొట్టే చెయ్యి ఆగుతుంది. ఇది నా అనుభవం.

ఇక శాస్త్రం మాట. మనం ఏదడిగినా డాక్టర్లు "రుజువేది?" అంటారు గనుక ఇది గుర్తు పెట్టుకోండి. అమెరికాలోని హ్యూస్టన్‌లో పేద స్త్రీలు వచ్చే ఒక ప్రభుత్వాస్పత్రిలో తొలి కాన్పు స్త్రీల మీద చేసిన అధ్యయనం 1991లో అచ్చయింది. కొందరికి పక్కనుండి చెయ్యి పట్టుకుని, మాట్లాడుతూ ధైర్యం చెప్పే స్త్రీని ఇచ్చారు. కొందరి గదిలో ఒక స్త్రీ మాట్లాడకుండా ఒక పక్కన కూచుని రాసుకుంటూ ఉండేది, అంతే. మిగిలిన వాళ్ళకు ఎవరూ లేరు. ఎవరూ లేనివాళ్ళలో 18 శాతం మందికి సిజేరియన్ అయింది. తోడు ఉన్నవాళ్ళలో 8 శాతం. మరి ఊరికే కూచున్న మనిషి ఉన్నవాళ్ళలో? 13 శాతం. నోరు విప్పని మనిషి గదిలో ఉన్నా తేడా కనిపించింది. ఈ సంగతి చదివిన రోజున నేను పుస్తకం మూసి చాలాసేపు కూచున్నాను.

ఒక్క ఊరి లెక్క కాదు. 2017లో కోక్రేన్ సంస్థ పదిహేడు దేశాల్లో జరిగిన 26 అధ్యయనాలను, పదిహేను వేలకు పైగా స్త్రీల వివరాలను కలిపి చూసింది. విడవకుండా తోడున్న వాళ్ళలో మామూలు కాన్పులు ఎక్కువ, సిజేరియన్లు తక్కువ, నొప్పుల సమయం కొంత తక్కువ. కాన్పు గురించి చేదు జ్ఞాపకాలు మిగిలినవాళ్ళు కూడా తక్కువ. నష్టం ఒక్కటీ కనబడలేదు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రతి స్త్రీకీ ఆమె ఎంచుకున్న మనిషి తోడుండాలని సిఫారసు చేసింది. ఆ సిఫారసుల్లోనే ఇంకా కొన్ని ఉన్నాయి: నడవనివ్వాలి, తాగనివ్వాలి, బిడ్డ రావడానికి పొట్ట మీద ఒత్తకూడదు, అందరికీ అలవాటుగా కోత పెట్టకూడదు. గర్భాశయ ముఖద్వారం గంటకో సెంటీమీటరు తెరుచుకోవాలన్న పాత లెక్క అందరికీ సరిపోదని కూడా చెప్పింది.

ఈ చివరి మాట మనకు చాలా ముఖ్యం. 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి అరవై కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తానికి 21.5 శాతం. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లో 81.5, ప్రభుత్వాస్పత్రుల్లో 44.5. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం 42.4, ప్రైవేటులో 63. ఆపరేషన్ అవసరమైన చోట ప్రాణం పోస్తుంది, దాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. కానీ నూటికి ఎనభై మందికి అవసరం పడే శరీరాలు మనవి కావు. ఇందులో డబ్బుంది, డాక్టరు తీరికుంది, ముహూర్తముంది, భయమూ ఉంది. తోడు వల్ల డబ్బాశ పోదు, ముహూర్తాల పిచ్చీ పోదు. భయం మాత్రం తగ్గుతుంది. "నావల్ల కాదు, పెద్దాపరేషన్ చేసెయ్యండి" అని ఒంటరిగా ఏడ్చే పిల్ల పక్కన "ఇంకాసేపు చూద్దాం, నేనున్నా" అనే మనిషి ఉంటే కొన్ని ఆపరేషన్లయినా తప్పుతాయి.

ప్రభుత్వం కాదన్నదా అంటే, కాదనలేదు. 2016లోనే కేంద్ర ఆరోగ్య శాఖ ప్రభుత్వాస్పత్రుల్లో ప్రసవ సమయంలో తోడును అనుమతించాలని రాష్ట్రాలకు చెప్పింది. ఆ తోడు కన్న అనుభవమున్న స్త్రీ అయి ఉండాలి, అంటువ్యాధి ఉండకూడదు, శుభ్రమైన బట్టలు కట్టుకోవాలి, నొప్పులు పడేంతసేపూ ఉండడానికి ఒప్పుకోవాలి, సిబ్బంది పనికి అడ్డు రాకూడదు. తెరలూ చాటూ ఉన్న చోట భర్తను కూడా రానివ్వవచ్చు. 2017 చివరలో వచ్చిన 'లక్ష్య' కార్యక్రమంలో కూడా ఈ తోడు ఉంది. అంటే మనం అడుగుతున్నది కొత్త వరం కాదు. ఉన్న ఉత్తర్వును అమలు చేయమంటున్నాం.

నేను అడగడానికి వెళ్ళిన ప్రతి చోటా మూడు జవాబులు వస్తాయి. రద్దీ, ఇన్ఫెక్షన్, పక్క స్త్రీకి చాటు ఉండదు. మూడోది న్యాయమైన మాట. దానికి జవాబు తెర. ఒక ఆస్పత్రిలో పెద్ద డాక్టరుగారు మూడు నెలలు తిప్పించుకుని, చివరికి "సరేనమ్మా, కర్టెన్లు మీరు తెప్పిస్తారా?" అన్నారు. ఆస్పత్రి అభివృద్ధి సంఘం నిధుల్లోంచి కొనిపించాం. మొదట్లో చిరచిరలాడిన నర్సులే, నెల తిరక్కుండా "ఇవాళ ఎవరూ రాలేదేంటక్కా?" అని అడిగారు. వాళ్ళకూ ఊపిరి తీసుకునే వీలు దొరికింది మరి. నర్సులను శత్రువులుగా చూసి ఈ పని మొదలుపెట్టకండి. ఇద్దరు చేయలేని పనిని ఇద్దరి మీద పెట్టిన వాళ్ళు వేరే ఉన్నారు.

తోడుగా ఎవరుండాలి? ఇక్కడ మన ఇళ్ళ సంగతి వస్తుంది. రూలు వచ్చిన చోట కూడా అత్త లోపలికి వస్తానంటుంది, పెద్దరికం ఆమెది. పిల్లకు అమ్మ కావాలి. ఒక పిల్ల నా చెవిలో అన్నది, "అక్కా, అత్తమ్మ వద్దు, జర నువ్వే ఉండు" అని. ఆడపిల్ల పుడితే మొదట మొహం చిట్లించేది ఆ అత్తే అని ఆమె భయం. ఎవరుండాలో చెప్పే హక్కు నొప్పులు పడే ఆమెదే. మొగుడు కావాలంటే మొగుడు. కాన్పు ఆడవాళ్ళ గొడవ అని అరుగు మీద బీడీ కాలుస్తూ కూచున్న తరం పోయింది, భార్య చెయ్యి పట్టుకుని కూచుంటామనే పిల్లలు ఇప్పుడున్నారు. రానివ్వండి. కాకపోతే ఎనిమిదో నెలలోనే ఈ మాట తేల్చుకోవాలి. నొప్పుల్లో ఉన్నప్పుడు అడిగితే ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళే లోపలికి పోతారు.

ఎవరూ లేనివాళ్ళ గురించి కూడా ఆలోచించాలి. ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చిన స్త్రీలను చూశాను. తల్లీ అత్తా ఎక్కడో ఉంటారు, మొగుడు బట్టీ వదిలితే కూలి పోతుంది, భాష రాదు. పెళ్ళి కాకుండా తల్లి అవుతున్న పిల్లలున్నారు. అలాంటి వాళ్ళకు సంఘం తరఫున మనం వెళ్ళాలి. నగరాల్లో ఇప్పుడు శిక్షణ పొందిన డౌలాలు డబ్బు తీసుకుని ఈ పని చేస్తున్నారు. అది తప్పు కాదు, పనికి విలువ ఉండాలి. కానీ వేల రూపాయలు పెట్టగలిగిన వాళ్ళకే తోడు దొరికితే అది హక్కు అనిపించుకోదు. అట్లాగని ఆశాల నెత్తిన ఇంకో మూట పెడితే నేనొప్పుకోను. జీతం లేకుండా ప్రోత్సాహకాల మీద బతుకుతున్నవాళ్ళు వాళ్ళు. రాత్రంతా పురిటి గదిలో కూచోమంటే ఆ రాత్రికి కూలి కట్టాలి. 2017లో తెలంగాణ ప్రభుత్వం, యునిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి కరీంనగర్‌లో నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. అది మంచి దారి. ఆ మిడ్‌వైఫ్ ఉన్నా, తోడు వేరేగా ఉండాలి.

లోపలికి వెళ్ళాక ఏం చేయాలి? చాలా చిన్న పనులు. నొప్పి వచ్చినప్పుడు నడుం కింద, వెన్నెముక చివర ఉండే ఎముక మీద అరచేత్తో గట్టిగా నొక్కి పట్టాలి. నొప్పి తగ్గాక వదిలి, రెండు గుక్కల నీళ్ళు తాగించాలి. నడిపించాలి, అలిసిపోతే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. రెండు గంటలకోసారి మూత్రానికి పంపాలి, ఇది అందరూ మరిచిపోతారు. తడిగుడ్డతో మొహం తుడవాలి. డాక్టరు చెప్పింది అర్థం కాకపోతే మళ్ళీ అడిగి ఆమె భాషలో చెప్పాలి. మనం మాత్రం డాక్టరు తరఫున నిర్ణయాలు చెప్పకూడదు, ఆమె తరఫునా చెప్పకూడదు. "ముక్కు, ముక్కు" అని అరవొద్దు. మాటల కన్నా చెయ్యి నయం. ఫోన్ సంచిలో పెట్టండి.

బిడ్డ పుట్టాక అందరూ బిడ్డ వైపు పోతారు. మీరు తల్లి దగ్గరుండండి. ప్రాణం పోయే ప్రమాదం ఎక్కువగా ఉండేది మొదటి ఇరవై నాలుగు గంటల్లోనే. గంటలోపు ప్యాడ్ పూర్తిగా తడిసిపోతే, కళ్ళు తిరుగుతున్నాయంటే, తలపోటుతో చూపు మసకగా ఉందంటే వెంటనే నర్సును పిలవండి, విసుక్కున్నా పిలవండి. మొదటి గంటలోనే బిడ్డను రొమ్ముకు పట్టించండి. ఆపరేషన్ అయినా పట్టించవచ్చు. ముర్రుపాలు పిండి పారబోయమనే పెద్దలు ఇంకా ఉన్నారు.

ఇంటికి పోయాక మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజుల్లో ఆశా రావాలి. ఆ రోజుల్లో మీరూ ఒకసారి తొంగి చూడండి. పథ్యం పేరుతో బాలింతకు నీళ్ళు తగ్గించడం, కారప్పొడి మెతుకులతో నెల గడపడం మన దగ్గర మామూలు. పాలిచ్చే మనిషికి నీళ్ళు, పప్పు, ఆకుకూర, గుడ్డు కావాలి. ఊరికే ఏడుపొస్తోందంటే మొదటి పది రోజుల్లో చాలామందికి అట్లా ఉంటుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, నిద్ర పట్టక, బిడ్డను ముట్టబుద్ధి కాక, చచ్చిపోవాలనిపిస్తోందంటే అది గాలీ కాదు, ధూళీ కాదు. జబ్బు. మందుంది. తాయెత్తు కట్టించే ముందు డాక్టరు దగ్గరకు తీసుకుపోండి.

వచ్చే నెల చేయవలసింది చెప్పి ముగిస్తాను. ప్రతి మండలం నుంచి ఇద్దరు, మీ దగ్గరి ప్రభుత్వాస్పత్రికి 2016 ఉత్తర్వు ప్రతిని తెలుగు చేసిన కాగితంతో సహా తీసుకెళ్ళండి. ఎన్ని టేబుళ్ళున్నాయి, ఎన్ని తెరలున్నాయి, తోడును రానిస్తున్నారా లేదా అని రాతపూర్వకంగా అడగండి. నోటి జవాబు తీసుకోకండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, నమూనా మా దగ్గరుంది. ఆ వివరాలన్నీ కలిపి కలెక్టరు దగ్గరకు వెళ్దాం.

భోజనాల తర్వాత నడుం ఎట్లా పట్టాలో చేసి చూపిస్తాం. చాపలు తక్కువున్నాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కుర్చీల్లో కూచోండి.